ఘాట్ రోడ్డు, ఉప్పుగాలి, కారు బ్రేకులు: సింహాచలం పరిసరాల దృష్టితో ఒక సమీక్ష

నిత్యం వాడే కారు బ్రేకుల విషయంలో యజమానికి ప్రధానంగా రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఉన్న బ్రేకులను ఎంత తరచుగా, ఏ క్రమంలో చూసుకోవాలన్నది మొదటిది. వాటి స్థానంలో మరింత మేలైనవని పేరున్న భాగాలను బిగించుకుంటే నిజంగా ప్రయోజనం ఉంటుందా అన్నది రెండవది. ఈ ప్రశ్నలకు తయారీ సంస్థలు తమ సర్వీసు పుస్తకాలలో ఒక సమాధానం ఇస్తాయి, షెడ్డులో పనిచేసే మెకానిక్కులు అనుభవం మీద మరొకటి చెబుతారు, విడిభాగాల వ్యాపారులు ఇంకొకటి సూచిస్తారు; వీటన్నిటికీ బయట చట్టం తన హద్దులు గీస్తుంది. ఈ సమాధానాలలో కొన్ని ఒకదానికొకటి పొసగనట్లు కనిపించినా, ప్రతి ఒక్కటీ ఏ పరిస్థితిని దృష్టిలో పెట్టుకొని చెప్పినదో తేల్చుకుంటే వాటిని ఒక క్రమంలో అమర్చడం సాధ్యమే.

ఆ క్రమాన్ని పరిశీలించడానికి విశాఖపట్నంలోని సింహాచలం ప్రాంతం ఎంతో అనువైనది. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి అడివివరం వైపు నుంచి కొండెక్కే ఘాట్ రోడ్డు బ్రేకులకు వేడి పరీక్ష పెడుతుంది. కొండల అవతల ఉన్న బంగాళాఖాతం నుంచి వచ్చే తేమతో కూడిన ఉప్పుగాలి ఇనుప భాగాలను ఏడాది పొడవునా తినివేస్తుంది. 1933లో ప్రారంభమైన ఓడరేవు, గాజువాక దాటాక ఉన్న ఉక్కు కర్మాగారం, వాటి చుట్టూ తిరిగే బొగ్గు, ఖనిజపు లారీలు దుమ్మును రేపుతాయి. గోపాలపట్నం, హనుమంతవాక వంటి కూడళ్లలో ఆగుతూ కదులుతూ సాగే రద్దీ బ్రేక్ పెడలుకు విశ్రాంతి ఇవ్వదు. మైదానంలో, పొడి గాలిలో, ఖాళీ రహదారి మీద తిరిగే కారుకు సరిపోయే నియమాలన్నీ ఈ నాలుగు ఒత్తిళ్ల మధ్య తిరిగే కారుకు యథాతథంగా సరిపోవు.

బ్రేకు చేసే పని: వేగాన్ని వేడిగా మార్చడం

బ్రేకు వాహనాన్ని ఆపుతుందని అనుకోవడం వాడుకకు సరిపోతుంది కాని, దాని నిర్వహణను అర్థం చేసుకోవడానికి మరికొంత కచ్చితత్వం అవసరం. కదిలే కారులో ఉన్న గతిశక్తిని రాపిడి ద్వారా వేడిగా మార్చి, ఆ వేడిని గాలిలోకి వదలడమే బ్రేకు పని. గతిశక్తి బరువుకు అనులోమంగానూ, వేగం వర్గానికి అనులోమంగానూ పెరుగుతుంది కనుక వేగం రెట్టింపైతే బ్రేకు మింగవలసిన శక్తి నాలుగింతలవుతుంది. ఐదుగురు కూర్చున్న చిన్న కారు మొత్తం బరువు 1,200 కిలోలనుకుంటే, గంటకు 72 కిలోమీటర్ల వేగంలో దానికుండే గతిశక్తి 2.4 లక్షల జౌళ్లు. ఒకసారి పూర్తిగా ఆగినప్పుడు దాదాపు అంతటి వేడీ బ్రేకులలో పుడుతుంది.

కొండ దిగేటప్పుడు లెక్క మారుతుంది. ఘాట్ రోడ్డు మీద వేగం తక్కువే అయినా, ఎత్తు వల్ల కారులో నిలువ ఉన్న స్థితిశక్తి దిగే కొద్దీ బయటపడుతూ ఉంటుంది. అదే కారు 200 మీటర్ల ఎత్తు దిగిందనుకుంటే బయటపడే శక్తి దాదాపు 23.5 లక్షల జౌళ్లు, అంటే 72 కిలోమీటర్ల వేగం నుంచి వెంటవెంటనే పదిసార్లు పూర్తిగా ఆగినదానితో సమానం. ముందు చక్రాల రెండు డిస్కులలోని పోత ఇనుము కలిపి 10 కిలోలుండి, మొత్తం వేడి వాటిలోకే చేరి, ఏ మాత్రం చల్లబడకుండా ఉంటే వాటి ఉష్ణోగ్రత 500 డిగ్రీలకు మించి పెరుగుతుంది. నిజానికి అలా జరగదు, ఎందుకంటే వేడిలో కొంత భాగం వెనుక బ్రేకులు పంచుకుంటాయి, కొంత గాలి తీసుకుపోతుంది, కారు తక్కువ గేరులో ఉంటే పెద్ద భాగాన్ని ఇంజిన్ అడ్డుకుంటుంది. అయితే ఈ మూడింటిలో గాలి, ఇంజిన్ రెండూ డ్రైవరు నడిపే తీరు మీదే ఆధారపడినవి. రద్దీ రోజుల్లో నత్తనడకన దిగే వాహనాల వరుసలో గాలి సాయం తగ్గుతుంది, న్యూట్రల్‌లో దిగే కారుకు ఇంజిన్ సాయం అసలే ఉండదు.

పరిమితి దాటిన వేడి బ్రేకును రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. మామూలు కార్లలో వాడే సేంద్రియ రకం ప్యాడ్లు చాలావరకు సుమారు 300 డిగ్రీలు దాటిన తరువాత తమ రాపిడి గుణాన్ని కోల్పోవడం మొదలుపెడతాయి. అప్పుడు పెడలు గట్టిగానే ఉంటుంది కాని ఎంత తొక్కినా కారు ఆశించినట్లు నెమ్మదించదు. రెండవ రకంలో బ్రేక్ ఆయిల్ మరిగి అందులో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది కనుక పెడలు మెత్తబడి నేలదాకా పోతుంది. మొదటి దానికి ప్యాడ్లతోనూ, రెండవ దానికి ఆయిల్‌తోనూ సంబంధం కనుక, కొండ దిగేటప్పుడు బ్రేకులు సరిగా పట్టలేదని యజమాని చెప్పినప్పుడు పెడలు గట్టిగా ఉందా, మెత్తబడిందా అన్నదే మెకానిక్ మొదట అడగవలసిన ప్రశ్న.

డ్రమ్ము నుంచి డిస్కు దాకా

చక్రంతో తిరిగే డొల్ల గిన్నె వంటి డ్రమ్ము లోపల రెండు బ్రేక్ షూలు బయటికి విచ్చుకొని ఒత్తుకోవడం పాత పద్ధతి. తిరిగే పళ్లేన్ని, అంటే డిస్కును, రెండు వైపుల నుంచి ప్యాడ్లు పట్టుకోవడం తరువాత స్థిరపడిన పద్ధతి. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు పొందినా, 1953లో లె మాన్స్ 24 గంటల పందెంలో జాగ్వార్ కార్లు డిస్కు బ్రేకులతో గెలిచిన తరువాతనే దాని ఆధిక్యం లోకానికి తెలిసింది. డ్రమ్ములో పుట్టిన వేడి లోపలే చిక్కుకుపోతుండగా డిస్కు గాలికి తెరచి ఉండటమే ఆ ఆధిక్యానికి మూలం. భారతదేశంలో తరాలపాటు కుటుంబాలను మోసిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు చాలాకాలం నాలుగు చక్రాలకూ డ్రమ్ములతోనే నడిచాయి. ఘాట్ రోడ్డు దిగుతూ మధ్యలో ఆగి బ్రేకులను చల్లార్చుకోవడం ఆనాటి డ్రైవర్లకు తెలిసిన విద్య.

నేటి చిన్న కార్లలో ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉండటం సర్వసాధారణం. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కనుక ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. వెనుక డ్రమ్ములు తమకు పడే తక్కువ వాటాను చవకగా, ఎక్కువకాలం మోయగలవు, హ్యాండ్‌బ్రేకుకు కూడా చక్కగా పనికివస్తాయి. వెనుక డ్రమ్ములుండటాన్ని లోపంగా చూసి, అక్కడ కూడా డిస్కులు బిగించుకోవాలన్న ఆరాటానికి నిత్య వాడుక కారులో సాంకేతికమైన ఆధారం తక్కువ.

పెడలుకూ చక్రాలకూ మధ్య మరో మూడు అంగాలున్నాయి. కాలి ఒత్తిడిని ద్రవపు ఒత్తిడిగా మార్చేది మాస్టర్ సిలిండర్. దానిలో రెండు విడి గదులుండి, ఒక్కొక్కటి రెండేసి చక్రాలకు ఆయిల్ పంపుతుంది కనుక ఒక పైపు పగిలినా మిగిలిన రెండు చక్రాలు పట్టుకుంటాయి. కాలి బలాన్ని పెంచేది బూస్టర్. పెట్రోలు ఇంజిన్ తన పీల్పుతోనూ, డీజిల్ కారు ప్రత్యేకమైన పంపుతోనూ కల్పించే శూన్యం మీద ఇది పనిచేస్తుంది. చక్రం జారకుండా, ఒత్తిడిని క్షణంలో అనేకసార్లు సడలించి బిగించేది ఏబీఎస్. 1978లో జర్మనీలో బాష్ సంస్థ మెర్సిడెస్ కార్లకు అందించిన ఈ ఎలక్ట్రానిక్ ఏర్పాటు, భారతదేశంలో 2018 ఏప్రిల్ నుంచి కొత్త నమూనా కార్లకూ, 2019 ఏప్రిల్ నుంచి అమ్ముడయ్యే కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. దీని ముఖ్య ప్రయోజనం బ్రేకు గట్టిగా తొక్కినప్పటికీ స్టీరింగు చెప్పిన మాట వినడమే. ఇసుక, కంకర మీద అది ఆగే దూరాన్ని తగ్గించదని గుర్తుంచుకోవాలి.

అందరూ మరచే భాగం: బ్రేక్ ఆయిల్

వాడుకలో బ్రేక్ ఆయిల్ అని పిలిచే ద్రవం నిజానికి నూనె కాదు. గ్లైకాల్ వర్గానికి చెందిన ఈ రసాయనాలకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. మూత బిగించి ఉన్నా, రబ్బరు హోసుల గుండా, రిజర్వాయరు మూతలోని సన్నని దారి గుండా తేమ కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటుంది. డాట్ 3 అనే శ్రేణికి కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 205 డిగ్రీలు కాగా, 3.7 శాతం నీరు చేరిన తరువాత అది 140కి దిగుతుంది; డాట్ 4కు ఈ రెండు అంకెలు 230, 155; డాట్ 5.1కు 260, 180. సీసా మీద ఉండే పెద్ద అంకెను చూసి నిశ్చింతగా ఉండే యజమాని నిజానికి కొన్నేళ్ల తరువాత చిన్న అంకె మీద ప్రయాణం చేస్తుంటాడు.

కొత్త కారుకు, సింహాద్రి అప్పన్న అని పిలుచుకునే ఈ కొండమీది స్వామి సన్నిధిలో పూజ చేయించే ఆచారం ఈ ప్రాంతంలో బలంగా ఉంది. పూజకు వచ్చిన రోజున ఆ కారులోని ఆయిల్ పూర్తి శక్తితో ఉంటుంది. అదే కారు ఆయిల్ మార్చకుండా ఆరేడేళ్ల తరువాత అదే కొండ దిగితే, అప్పటికి దాని ఓర్పు ఎంతో తగ్గిపోయి ఉంటుంది. పైకి మాత్రం ఏ తేడా తెలియదు: పట్టణంలో పెడలు గట్టిగానే ఉంటుంది, రిజర్వాయరులో మట్టం సరిగానే ఉంటుంది. లోపం బయటపడేది వేడెక్కిన తరువాతనే, అంటే బ్రేకు అత్యవసరమైన చోటనే. అనేక తయారీ సంస్థలు రెండేళ్లకు ఒకసారి ఆయిల్ పూర్తిగా మార్చమని సూచిస్తాయి. తేమ ఎక్కువగా ఉండే తీరప్రాంతంలో ఈ గడువును దాటనివ్వకపోవడం మేలు. మట్టం తగ్గినప్పుడు పైన కొంత పోసి సరిపెట్టే అలవాటు రెండు విధాల ప్రమాదకరం: పాత ఆయిల్‌లోని నీరు అలాగే ఉంటుంది; మట్టం ఎందుకు తగ్గిందన్న ప్రశ్నకు, అంటే ప్యాడ్లు అరిగాయా, ఎక్కడైనా కారుతున్నదా అన్నదానికి, సమాధానం దొరకదు.

మార్చే పనిలో కూడా పద్ధతి ఉంది. ప్రతి చక్రం దగ్గర ఉన్న చిన్న నిపిల్ వదులు చేసి, పాత ఆయిల్ పోయి స్వచ్ఛమైనది వచ్చేదాకా, గాలి బుడగలు కనిపించకుండా పోయేదాకా వదలాలి. షెడ్డులలో దీనినే ఎయిర్ తీయడం అంటారు. తెరచి చాలాకాలమైన సీసాలోని ఆయిల్ అప్పటికే తేమ పీల్చుకొని ఉంటుంది కనుక కొత్త సీసా వాడాలి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒకే వర్గానికి చెందినవి. డాట్ 5 మాత్రం సిలికోన్ ద్రవం, తక్కిన వాటితో కలవదు, ఏబీఎస్ ఉన్న మామూలు కార్లకు తగదు. మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు వాషర్లు ఇంజిన్ ఆయిల్, పెట్రోలు, మామూలు గ్రీజు తగిలితే ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ రంగు మీద పడితే పెయింటు లేస్తుంది కనుక వెంటనే నీళ్లతో కడగాలి.

ప్యాడ్లు, డిస్కులు, డ్రమ్ములు: ఉప్పుకూ దుమ్ముకూ మధ్య

రాత్రి వాన కురిసినా, బీచ్ రోడ్డులో కొంతసేపు నిలిపి ఉంచినా, మరునాడు డిస్కు మీద నారింజ రంగు తుప్పు పొర కనిపించడం విశాఖ వాసులకు పరిచితమైన దృశ్యం. డిస్కును చేసేది బూడిదరంగు పోత ఇనుముతో. అందులోని కర్బనపు పొరలు వేడిని చక్కగా ప్రసరింపజేస్తాయి, కంపనాన్ని అణచివేస్తాయి, కాని తుప్పును అడ్డుకోవు. పైపొర తుప్పు నాలుగైదు సార్లు బ్రేకు వేయగానే పోతుంది కనుక అందుకు ఆందోళన అవసరం లేదు. ఆందోళన కలిగించవలసింది కంటికి కనిపించని చోట పట్టే తుప్పు.

అటువంటి చోట్లలో ముఖ్యమైనది కాలిపర్. చిన్న కార్లలో డిస్కుకు ఒకే వైపు పిస్టన్ ఉంటుంది. అది ఒక ప్యాడును నొక్కగా, కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి అవతలి ప్యాడును లాగుతుంది. ఈ పిన్నుల రబ్బరు తొడుగు చిరిగితే లోపలికి తేమ, ఉప్పు, దుమ్ము చేరి పిన్ను బిగుసుకుపోతుంది. అప్పుడు ఒక ప్యాడు త్వరగా అరిగిపోయి రెండవది కొత్తదానిలా మిగులుతుంది, కారు బ్రేకు వేసినప్పుడు ఒక పక్కకు లాగుతుంది, ఆ చక్రం మాత్రం విపరీతంగా వేడెక్కుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ, మార్చకపోయినా ఏడాదికి ఒకసారి, పిన్నులు తీసి శుభ్రం చేసి, రబ్బరుకు హాని చేయని సిలికోన్ గ్రీజు పూయడం తీరప్రాంతంలో తప్పనిసరి పనిగా భావించాలి. సర్వీసులో ప్యాడ్లు చూశామని చెప్పడానికీ, పిన్నులు కదులుతున్నాయో లేదో చూశామని చెప్పడానికీ ఎంతో తేడా ఉంది.

ప్యాడు మందం 3 మిల్లీమీటర్లకు చేరేసరికి మార్చడం సాధారణ నియమం. అనేక ప్యాడ్లకు ఉండే సన్నని రేకు డిస్కుకు తగిలి కీచుమని అరవడం ఆ హెచ్చరికే. ఆ శబ్దాన్ని నిర్లక్ష్యం చేస్తే ప్యాడు వెనుకనున్న ఇనుప పలక డిస్కును కోసి, చిన్న ఖర్చుతో పోయేది పెద్ద ఖర్చు అవుతుంది. డిస్కుకు ఉండవలసిన కనీస మందం సాధారణంగా దాని మీదనే ముద్రించి ఉంటుంది. అంతకంటే పలుచనైనది వేడిని నిలువ చేసుకోలేదు కనుక, గీతలు పడ్డాయని లేతు పట్టించే ముందు పని తరువాత మిగిలే మందం ఎంతో లెక్క చూడాలి. బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణికితే డిస్కు వంగిందని అంటుంటారు. చాలా సందర్భాలలో అది వంగడం కాదు, డిస్కు మందంలో వచ్చిన స్వల్ప హెచ్చుతగ్గులు లేదా ప్యాడు పదార్థం ఒకచోట ఎక్కువగా అంటుకోవడం. హబ్బు మీది తుప్పును గీకి శుభ్రం చేయకుండా కొత్త డిస్కు బిగించినా ఇదే వణుకు కొన్నాళ్లకు తిరిగి వస్తుంది.

వెనుక డ్రమ్ములు మూసి ఉంటాయి కనుక వాటిని తెరచి చూసేవారు తక్కువ. ఓడరేవు, ఉక్కు కర్మాగారం దారులలో తిరిగే కార్ల డ్రమ్ములలో సన్నని దుమ్ము పేరుకుపోయి కిర్రుమనే శబ్దం, పట్టు తగ్గడం కనిపిస్తాయి. లోపల వీల్ సిలిండర్ నుంచి ఆయిల్ చెమ్మగిల్లితే షూల మీది లైనర్లు దానిని పీల్చుకొని పనికిరాకుండా పోతాయి. ఏడాదికి ఒకసారైనా డ్రమ్ములు ఊడదీసి చూడటం, షూలు తగిన దూరంలో సర్దడం, హ్యాండ్‌బ్రేకు తీగ స్వేచ్ఛగా కదులుతున్నదో లేదో చూడటం అవసరం. ఇక్కడ మెకానిక్ ఆరోగ్యానికి సంబంధించిన మాట కూడా చెప్పుకోవాలి. పూర్వం లైనర్లలో ఆస్బెస్టాస్ వాడేవారు, దాని పోగులు ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. అది లేని నేటి లైనర్ల పొడి కూడా పీల్చదగినది కాదు. గాలి గొట్టంతో దుమ్ము ఊదడం మాని, తడిపి తుడిచే పద్ధతిని షెడ్డులు అలవాటు చేసుకోవాలి. ఐరోపా సమాఖ్య యూరో 7 నిబంధనలలో పొగగొట్టంతో పాటు బ్రేకుల నుంచి రాలే సూక్ష్మ ధూళికి కూడా పరిమితి విధించిందంటే, ఈ పొడి ఎంత తీవ్రమైన విషయమో తెలుస్తుంది.

బ్రేకు పట్టినా ఆగని కారు: టైర్లు, తక్కిన అంగాలు

బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, కారును ఆపేది రోడ్డుకూ టైరుకూ మధ్య ఉండే పట్టు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, పొడి రోడ్డు మీద మంచి టైర్లతో పట్టు గుణకం 0.8 అనుకుంటే బ్రేకు పడిన తరువాత కారు సుమారు 18 మీటర్లలో ఆగుతుంది. తడి రోడ్డు మీద అరిగిన టైర్లతో అది 0.4కు పడిపోతే అదే కారుకు 35 మీటర్లు కావాలి. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి కాలు కదిపే ఒక్క సెకనులో గడిచిపోయే 17 మీటర్లు దీనికి అదనం. ఎంత ఖరీదైన డిస్కు, ఎంత పెద్ద కాలిపర్ బిగించినా ఈ 35 మీటర్లు 18 కావు.

కనుక బ్రేకుల సమీక్ష టైర్లతో పాటే జరగాలి. టైరు గాడులలో ఉండే చిన్న గుబ్బ 1.6 మిల్లీమీటర్ల హద్దును సూచిస్తుంది. ట్రెడ్డు అంతవరకు అరిగితే టైరు చట్టపరంగా కూడా పనికిరాదు, నీటిని పక్కకు నెట్టే శక్తి అంతకంటే ముందే తగ్గుతుంది. పక్క గోడ మీది నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. తక్కువ తిరిగే కారులో ట్రెడ్డు మిగిలే ఉన్నా ఎండకు రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. గాలి ఒత్తిడిని చల్లగా ఉన్నప్పుడు కొలవాలి, కుటుంబమంతా సామానుతో బయలుదేరేటప్పుడు తయారీదారు చెప్పిన నిండు బరువు అంకెకు పెంచాలి.

షాక్ అబ్జార్బర్లు నీరసిస్తే గతుకుల మీద చక్రం నేలను విడిచి ఎగురుతుంది. ఎగిరిన చక్రానికి బ్రేకు ఎంత వేసినా ఫలితం లేదు. బాల్ జాయింట్లు, బుష్‌లు, టై రాడ్ చివరలు వదులైతే బ్రేకు వేసినప్పుడు కారు దారి తప్పుతుంది. కొండ ఎక్కేటప్పుడు పరీక్షకు నిలిచేది కూలెంట్. రేడియేటరులో కుళాయి నీళ్లు పోసి సరిపెట్టేవారి ఇంజిన్‌లో లవణాలు పేరుకొని, తుప్పు పట్టి, చివరకు గ్యాస్కెట్ దెబ్బతింటుంది. తీరప్రాంతపు తేమలో బ్యాటరీ కొసల మీద పేరుకునే తెల్లని పొడిని శుభ్రం చేసి, కొసలకు వాసెలీన్ రాయడం చిన్న పనే అయినా ఏబీఎస్ వంటి ఎలక్ట్రానిక్ అంగాలు సరైన వోల్టేజీ మీదే ఆధారపడతాయని గుర్తుంచుకుంటే దాని విలువ తెలుస్తుంది.

మెరుగుదల: ఏది ఫలితమిస్తుంది, ఏది ఇవ్వదు

మార్కెట్టులో దొరికే మెరుగుదలలను వాటి ఉద్దేశాన్ని బట్టి విడదీస్తే వివాదం చాలావరకు తొలగిపోతుంది. పెడలు గట్టిగా తొక్కినప్పుడు ఏబీఎస్ పనిచేయడం మొదలుపెట్టిందంటే, టైరు ఇవ్వగల పట్టు మొత్తాన్నీ బ్రేకు అప్పటికే వాడుకున్నదని అర్థం. అటువంటి కారులో పెద్ద డిస్కులు ఒక్కసారి ఆగే దూరాన్ని తగ్గించవు. అవి పెంచేది వేడిని మోసే సామర్థ్యాన్ని మాత్రమే. పదేపదే వేడెక్కే పందెపు కారుకు అది అవసరం. సింహాచలం కొండ నెలకు రెండు మూడుసార్లు దిగే కుటుంబ కారుకు, సరైన గేరులో దిగితే, తయారీదారు ఇచ్చిన డిస్కులు చాలు.

ఆయిల్‌ను డాట్ 3 నుంచి డాట్ 4కు మార్చడం, తయారీదారు అనుమతించినచోట, అత్యల్ప ఖర్చుతో వేడిని తట్టుకునే హద్దును నేరుగా పెంచే మెరుగుదల. దాని తరువాతి స్థానం మంచి టైర్లది. మూడవ స్థానం ప్యాడ్లది: సేంద్రియ రకం మెత్తగా, నిశ్శబ్దంగా ఉంటుంది కాని వేడికి త్వరగా లొంగుతుంది, లోహపు పొడి కలిపిన సెమీ మెటాలిక్ రకం వేడిని బాగా ఓర్చుకుంటుంది కాని శబ్దం, దుమ్ము, డిస్కు అరుగుదల ఎక్కువ, సిరామిక్ రకం శుభ్రంగా ఉంటుంది, ఖరీదెక్కువ. పందేల కోసం చేసిన ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు కనుక, ఉదయం ఇంటి గేటు దాటగానే మొదటి బ్రేకు వేయవలసిన నగర జీవితానికి అవి హానికరం. ప్యాడ్ల పరిశ్రమ తెలుగువారికి దూరంగా ఉన్నది కాదు. రాణే సంస్థకు హైదరాబాదు దగ్గర బాచుపల్లిలో బ్రేక్ లైనింగ్ కర్మాగారం ఉంది. స్వదేశంలో తయారయ్యే నాణ్యమైన ప్యాడ్లు దొరుకుతుండగా, ప్యాకెట్టు మాత్రమే అసలుదానిలా ఉండే నకిలీ ప్యాడ్లను కొద్ది తేడా డబ్బు కోసం ఎంచుకోవడం సమర్థనీయం కాదు.

పాత రబ్బరు హోసుల స్థానంలో కొత్త హోసులు వేయడం పదేళ్లు దాటిన కారులో స్పష్టంగా తెలిసే మార్పు తెస్తుంది, ఎందుకంటే ముసలి రబ్బరు ఒత్తిడికి ఉబ్బి పెడలును మెత్తబరుస్తుంది, ఒక్కోసారి లోపల ఊడి ఆయిల్ వెనక్కు రాకుండా అడ్డుపడుతుంది. ఉక్కు తీగల అల్లిక హోసులు ఇంకా గట్టి పెడలునిస్తాయి కాని, వాటి లోపలి అరుగుదల పైకి కనిపించదు కనుక ధ్రువీకరణ లేనివి బిగించరాదు. రంధ్రాలున్న డిస్కులు చూడటానికి ఆకర్షణీయమే. ఆ రంధ్రాల అంచుల దగ్గర పగుళ్లు మొదలవుతాయి, లోహం తగ్గినంత మేర వేడిని మోసే శక్తి కూడా తగ్గుతుంది. కాలిపర్ మీద వేసే ఎరుపు రంగు బ్రేకు పనికి ఏ విధంగానూ సంబంధించినది కాదు. పెద్ద రిమ్ములు, వెడల్పు టైర్లు చక్రం బరువును పెంచి బ్రేకు మీద భారం మోపుతాయి, మొత్తం వ్యాసం మారితే స్పీడోమీటరు తప్పు చూపుతుంది.

చట్టం గీసిన హద్దు

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. అరిగిన భాగాన్ని అదే ప్రమాణం గల భాగంతో మార్చడం నిర్వహణే కనుక దానికి అడ్డు లేదు. నిర్మాణాన్నీ కొలతలనూ మార్చే పని మాత్రం చట్టపు చిక్కుతో పాటు, ప్రమాదం తరువాత బీమా పరిహారానికి కూడా అడ్డంకి కాగలదు. 15 ఏళ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కోరినప్పుడు జరిగే తనిఖీ కూడా ఇటువంటి మార్పులను బయటపెడుతుంది.

నడిపే తీరూ నిర్వహణలో భాగమే

ఏ గేరులో కొండ ఎక్కితే ఆ గేరులోనే దిగాలన్న డ్రైవర్ల సూత్రం భౌతికశాస్త్రానికి పూర్తిగా లోబడినది. ఆటోమేటిక్ కార్లలో ఎల్ లేదా మాన్యువల్ స్థానం అదే పని చేస్తుంది. పెట్రోలు ఆదా కోసం ఇంజిన్ ఆపి దిగడం ఘోరమైన పొరపాటు, ఎందుకంటే రెండు మూడుసార్లు తొక్కేసరికి బూస్టరులోని శూన్యం ఖర్చైపోయి పెడలు రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగు కూడా బరువెక్కుతుంది. బూస్టరు బాగుందో లేదో ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చు: ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు పెడలు తొక్కి, తొక్కి పట్టుకొనే ఇంజిన్ స్టార్టు చేస్తే పెడలు కొద్దిగా కిందికి దిగాలి. పల్లంలో బ్రేకు మీద కాలు ఆనించి ఉంచడం కంటే, గేరు పట్టులో దిగుతూ మలుపుకు ముందు గట్టిగా వేసి వదిలేయడం మేలు, వదిలిన వ్యవధిలో గాలి డిస్కును చల్లారుస్తుంది. తిరుమల ఘాట్ రోడ్ల మీద ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమంలో దిగుడుకే ఎక్కువ సమయం కేటాయించడం ఈ వేడి లెక్కకు అనుగుణంగానే ఉంది. విద్యుత్ కార్లు బ్రేకు శక్తిలో పెద్ద భాగాన్ని తిరిగి బ్యాటరీలోకి పంపుతాయి కాని, పూర్తిగా చార్జయిన బ్యాటరీతో కొండ మీద నుంచి బయలుదేరితే ఆ శక్తికి చోటుండదు; పైగా మామూలు బ్రేకులు తక్కువగా వాడుకలో ఉండటం వల్ల ఉప్పుగాలిలో వాటి డిస్కులు మరింత త్వరగా తుప్పు పడతాయి.

సమీక్ష తేల్చేది

బ్రేకుల వ్యవస్థ మొత్తం బలం అందులోని అతి బలహీనమైన అంగం బలాన్ని మించదు. నీరు చేరిన ఆయిల్, బిగుసుకున్న పిన్ను, గట్టిపడిన టైరు, నీరసించిన షాక్ అబ్జార్బరు ఉన్న కారులో పెట్టే ఖరీదైన డిస్కు ఆ బలహీనతలలో ఒక్కదానినీ తీర్చదు. అందువల్ల ఎంత ఖర్చు పెట్టామన్న దానికంటే ఏ క్రమంలో పెట్టామన్నదే ముఖ్యం: మొదట ఆయిల్, తరువాత టైర్లు, ఆపైన ప్యాడ్లు, పిన్నులు, డ్రమ్ముల శుభ్రత, వాటి వెంట హోసులు, సస్పెన్షన్, ఇవన్నీ తయారీదారు ఉద్దేశించిన స్థితికి వచ్చిన తరువాత కూడా లోటు కనిపిస్తేనే మెరుగుదల మాట. తయారీదారు గడువు, మెకానిక్ అనుభవం, వ్యాపారి సూచన ఈ క్రమంలో తమ తమ స్థానాల్లో నిలిస్తే వాటి మధ్య విరోధం ఉండదు.

ఈ క్రమాన్ని పాటించే బాధ్యత యజమాని ఒక్కడిదే కాదు. సర్వీసు బిల్లులో బ్రేకులు చెక్ చేశామన్న ఒక్క మాటకు బదులు ప్యాడ్ల మందం, పిన్నుల కదలిక, ఆయిల్ మార్చిన తేదీ, టైరు ట్రెడ్డు లోతు అంకెలతో రాసి ఇచ్చే పద్ధతి ఆటోనగర్ షెడ్డుల నుంచి పెద్ద సర్వీసు కేంద్రాల దాకా రావాలి. ఐటీఐలలో మోటారు మెకానిక్ విద్యార్థులకు ఆయిల్‌లోని నీటి శాతాన్ని పరీక్షించే పరికరం వాడకం నేర్పాలి. వైశాఖంలో చందనోత్సవానికి ముందు, ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకు ముందు కొండకు వెళ్లే వాహనాల బ్రేకులను ఉచితంగా పరీక్షించే శిబిరాలు కొండ దిగువన నిర్వహించడానికి రవాణా శాఖ, మెకానిక్కుల సంఘాలు పూనుకోవాలి. ఇందుకు కావలసిన పరికరాలు చవకైనవి, నైపుణ్యం ఇక్కడి షెడ్డులలోనే ఉంది, ఫలితం ఆ రోడ్డు మీద దిగే ప్రతి కుటుంబానికీ అందుతుంది.